పిట్టలకు పెట్టే గిన్నె కడిగి ఎన్నాళ్ళయింది?

పెరటి గోడ మీద పిట్టల కోసం పెట్టిన మట్టి మూకుడు దగ్గరికి ఒకసారి వెళ్లి రండి. చదవడం ఆపి మరీ వెళ్లండి. నీళ్ళలోకి వంగి చూడండి. సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, మీ నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతుంటే అవి దోమపిల్లలు. గిన్నె లోపలి అంచును వేలితో రాస్తే పాకుడు జారుతుంటే ఆ నీళ్ళు పిట్టకు మంచివి కావు, మీకూ మంచివి కావు. వెంటనే నేల మీద, ఎండలో పారబోయండి. మోరీలో పోయకండి, దోమపిల్లలు అక్కడా బతుకుతాయి. పారబోశాక వచ్చి మిగతాది చదవండి.

భిలాయిలో ఎండలు ముదిరే వేళకు సకోరాల పంపిణీ మొదలవుతుంది. మార్చి 20న పిచ్చుకల దినం పేరుతో కొందరు, అక్షయ తృతీయ పుణ్యం పేరుతో కొందరు, పుట్టినరోజు కానుకగా కొందరు మట్టి గిన్నెలు పంచుతారు. మంచి పనే. మే నెలలో 45 డిగ్రీల ఎండలో దాహంతో నోరు తెరుచుకుని కూర్చున్న గోరువంకను చూసి చలించని వాళ్లెవరు? కానీ గిన్నె పెట్టిన రోజున ఉన్న శ్రద్ధ పదో రోజుకు ఉండటం లేదు. నీళ్ళు తగ్గితే పైనుంచి పోస్తున్నాం. గింజలు తగ్గితే పైనుంచి పోస్తున్నాం. అడుగున ఏముందో చూడటం లేదు. మా భయమంతా ఆ అడుగు గురించే.

2018 వానాకాలాన్ని ఈ ఊరు మరిచిపోయి ఉండదు. డెంగీ ఖుర్సీపార్ చుట్టుపక్కల బస్తీల్ని చుట్టేసింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయని అప్పటి పత్రికలు రాశాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న వాడలే అవి. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి కూలర్లు ఖాళీ చేయించారు, టైర్లు తీయించారు, డ్రమ్ముల మీద మూతలు పెట్టించారు. పిట్టల గిన్నె మాత్రం ఎవరి కంటికీ దోమల తొట్టిలా కనిపించదు. దాని మీద పుణ్యం ముసుగు ఉంది కదా!

డెంగీ దోమ మురుగులో పుట్టదు. శుభ్రంగా కనిపించే, కదలని, కొద్దిపాటి నీళ్ళే దానికి ఇష్టం. నీటి మట్టానికి కొంచెం పైన, గిన్నె గోడకు గుడ్లు అంటించి పోతుంది. నీళ్ళు ఆరిపోయినా ఆ గుడ్లు చావవు. నెలల తరబడి ఎండు గోడకే అంటుకుని ఉండి, మళ్ళీ నీళ్ళు తగిలితే పగులుతాయి. మన వేడికి వారం, పది రోజుల్లో రెక్కలు వస్తాయి. అందుకే నీళ్ళు మార్చడం ఒక్కటే చాలదు, గిన్నె లోపల గోడను రుద్దాలి. ఇంకో మాట. ఈ దోమ పుట్టిన చోటు వదిలి దూరం పోదు, కొద్ది వందల మీటర్లలోనే తిరుగుతుంది, పగలే కుడుతుంది. మీ గోడ మీద పుట్టింది కుట్టేది మీ మనవణ్ణీ, పక్కింటి పసిదాన్నీ.

ఇంట్లో ఎవరికైనా ఒక్కసారిగా తీవ్రమైన జ్వరం, కంటి వెనక నొప్పి, ఒళ్ళు విరిచినట్టు నొప్పులు వస్తే సొంత వైద్యం వద్దు. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు మింగించవద్దు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గాక కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే అదే అసలు ప్రమాద ఘడియ. జ్వరం పోయింది కదా అని ఊరుకోవద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి.

పిట్టలకు పెట్టవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. చూరుకు వరి కంకుల కుచ్చు కట్టిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం. కొత్త పంట ఇంటికి రాగానే మొదటి కంకులు పిచ్చుకలవే. ఇక్కడి ఛత్తీస్‌గఢీ పల్లెల్లోనూ అదే ఆనవాయితీ. కొత్త ధాన్యం కంకుల్ని అందంగా అల్లి గుమ్మానికి వేలాడదీస్తారు, చిరయీ చుగనీ అంటారు. రెండు నేలల పెద్దలూ ఒకే పద్ధతి ఎంచుకున్నారు, అందులో తెలివి కూడా ఉంది. వేలాడే కంకిని పట్టుకుని తినగలిగేది పిచ్చుక, జీనువాయి లాంటి చిన్న పిట్టలే. పావురం, కాకి దాని మీద నిలవలేవు. తిండిలో రెట్ట పడదు. గింజ కంకికే ఉంటుంది గనుక తడిసి ముక్కిపోయేది తక్కువ. పది రోజులకో పదిహేను రోజులకో అయిపోతుంది, అంతే.

ఇప్పుడు మనం చేస్తున్నది అది కాదు. మేడ మీద, గోడ మీద, పార్కు గట్టు మీద రోజూ శేరు బియ్యమో జొన్నలో కుప్ప పోస్తున్నాం. కుప్ప దగ్గరికి ముందు వచ్చేది పావురాలు, కాకులు. పిచ్చుక ఎక్కడో తీగ మీద కూర్చుని చూస్తుంటుంది. పిచ్చుకల కోసమని పోసి పావురాల మందను పెంచుతున్నాం.

ఆ పావురాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రమాదం మన రిటైరైన పెద్దవాళ్ళకే ఎక్కువ. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో, కోక్ ఓవెన్లలో, సింటర్ ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ముప్పై ఏళ్ళు చేసిన మనుషులు వాళ్ళు. 1959లో మొదటి ఫర్నేసు వెలిగినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని తరాల ఊపిరితిత్తులు ఆ దుమ్మును మోశాయో వేరే చెప్పక్కర్లేదు. రిటైరయ్యాక పొద్దున్నే లేచి, స్నానం చేసి, మేడ మీదికి వెళ్లి పావురాలకు గింజలు వేయడం చాలామందికి పూజతో సమానం. గింజలు వేశాక నిన్నటి రెట్టలు చీపురుతో ఊడుస్తారు. ఎండు రెట్ట పొడిగా లేచి ముక్కులోకి పోతుంది. రోజూ పోతుంది.

ఆ పొడిలోని పదార్థాలు పడని వాళ్ళకు ఊపిరితిత్తుల లోపల వాపు మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అంటారు. ఆపకపోతే మచ్చ పడుతుంది, గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడిన ఊపిరితిత్తి మళ్ళీ మెత్తబడదు. 2017లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనంలో 19 నగరాల ఆసుపత్రుల నుంచి ఇలా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1,084 మందిని పరిశీలిస్తే, 47 శాతం మందిది ఈ రకమే. అందులో పక్షుల మధ్య గడిపినవాళ్ళు ఉన్నారు. ఇంట్లో కూలర్ వాడేవాళ్ళు ఇంకా ఎక్కువ, దాదాపు సగం. కూలర్ తడి గడ్డిలో పెరిగే బూజు గాలితో పాటు గదిలోకి వస్తుంది.

ఇక ఈ రెండింటినీ కలిపి భిలాయి క్వార్టర్‌ను ఊహించుకోండి. కిటికీకి బిగించిన డెజర్ట్ కూలర్. దాని నెత్తిన పావురాల కాపురం. పైన రెట్టలు, పక్కన గూడు, లోపల నిరుటి గడ్డి. ఏప్రిల్ మొదట్లో స్విచ్ వేయగానే ఆ గాలంతా మంచం మీద పడుకున్న తాతగారి ముఖం మీదికే.

ఎడతెరపి లేని పొడి దగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, రెట్టలు ఊడ్చిన రోజు సాయంత్రం ఒళ్ళు వెచ్చబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఇవి గుర్తులు. మన ఊళ్ళో వీటిని ప్లాంటు దుమ్ము కిందో, బీడీ కిందో, టీబీ కిందో జమ కట్టేసే అలవాటు ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మేడ మీద పావురాలకు వేస్తాను" అన్న సంగతి నోరు తెరిచి చెప్పండి. అడిగేదాకా ఆగకండి, అది అడగాలని అందరికీ తట్టదు. కీమోథెరపీ నడుస్తున్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, చాలా కాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళు పావురం రెట్ట దగ్గరికే పోకూడదు. అందులో ఉండే క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం వాళ్ళలో మెదడు పొరల దాకా పోగలదు.

రెట్టలు తీయాల్సి వస్తే ముందు నీళ్ళు చల్లి బాగా తడపండి. ముక్కుకు, నోటికి గట్టి మాస్కు కట్టుకోండి. తడి గుడ్డతో తీయండి. పొడి చీపురు వద్దే వద్దు. కూలర్ గడ్డిని ఏటా మార్చండి, మూత పైన ముళ్ళ తీగో వలో వేసి పావురం కూర్చోకుండా చేయండి. ముంబయిలో ఈ గొడవ ముదిరి 2025లో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలు మూయించే దాకా వెళ్లింది. దాదర్‌లో టార్పాలిన్లు కప్పడం, జనం వచ్చి చింపడం, హైకోర్టు జోక్యం, అన్నీ చూశాం. ఇక్కడ మన నెహ్రూనగర్, స్మృతినగర్ అపార్టుమెంట్ల మేడల మీద పావురాలు పెరుగుతున్న తీరు చూస్తుంటే అంతదాకా తెచ్చుకోకుండా ఇప్పుడే చేయి వెనక్కి తీసుకోవడం మేలనిపిస్తుంది.

పగలు పిట్టలు తిని వదిలిన గింజలు రాత్రికి ఎవరు తింటారు? ఎలుకలు. సెక్టార్లలోని పాత క్వార్టర్లకు వెనక పెరడు, పెరట్లో కూరగాయల మడి, దాని పక్కనే మోరీ. ఎలుకకు ఇంతకంటే ఏం కావాలి. ఎలుక కలుగు పెట్టాక దాని వెనకాలే పాము వస్తుంది. నాగుపాము, కట్లపాము రెండూ మన ప్రాంతంలో సామాన్యం. కట్లపామును ఇక్కడివాళ్ళు కరైత్ అంటారు. వానాకాలం రాత్రుల్లో నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే పాముకాటేమోనని అనుమానించి తీరాలి. కట్లు బిగించడం, కోయడం, మంత్రం వేసే బైగా దగ్గరికి తీసుకెళ్లడం, అన్నీ సమయం తినేవే. విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంది, 108కి ఫోన్ చేయండి. అంతకన్నా ముందు, పొద్దు గూకేలోపు మిగిలిన గింజలు ఊడ్చేయండి. ఇంత చిన్న పని!

ఇక బర్డ్ ఫ్లూ.

అది ఎక్కడో కోళ్ళ ఫారాల గోల, మనకేమిటి అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. 2021 జనవరిలో అది బాలోద్ జిల్లాలో బయటపడింది. 2012 దాకా ఆ ప్రాంతం మన దుర్గ్ జిల్లాలోదే. మన ప్లాంటుకు ఇనుప ఖనిజం వచ్చే దల్లీ రాజహరా గనులు అక్కడివే. ఆ శీతకాలంలోనే ఇందోర్‌లో కాకులు చెట్ల మీది నుంచి రాలిపడ్డాయి. 2025 ఆరంభంలో రాయగఢ్‌లోని ప్రభుత్వ కోళ్ళ క్షేత్రంలో కనిపించింది. అదే సమయంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు సోకింది. 2024 డిసెంబరులో నాగపూర్ గోరేవాడా రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి చనిపోతే కారణం ఇదేనని తేలింది. నాగపూర్ మనకు ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. మైత్రీబాగ్‌లో తెల్లపులుల్ని చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ళకు ఈ వార్త బరువు తెలుస్తుంది.

మనుషులకు ఇది తేలిగ్గా సోకదు, ఆ మాట ముందే చెప్పాలి. సోకితే మాత్రం తట్టుకోవడం కష్టం. 2021లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పదకొండేళ్ళ బాలుడు చనిపోయాడు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్ళు చెప్పారు. దాన్ని తలుచుకుంటే గుండె పట్టేస్తుంది. బాగా ఉడికిన మాంసంతో, గుడ్డుతో భయం లేదు. పచ్చి మాంసం, రోగపు పక్షి, దాని రెట్ట, వీటితోనే భయం.

పెరటి గిన్నెకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? శీతకాలంలో ఉత్తర దేశాల నుంచి బాతుల మందలు బేమెతరా జిల్లా గిధ్వా–పర్సదా చెరువుల దాకా వస్తాయి, చుట్టుపక్కల చెరువుల్లోనూ దిగుతాయి. వాటిలో కొన్నింటి ఒంట్లో ఈ వైరస్ జబ్బు చూపించకుండా ప్రయాణం చేస్తుంది. అదే చెరువు గట్టున వాలిన కాకి, తర్వాత మీ గోడ మీది నీళ్ళలో ముక్కు ముంచుతుంది. ఆ గిన్నె కిందే మీ నాటుకోళ్ళు తిరుగుతుంటాయి. ఖుర్సీపార్‌లో, క్యాంపుల్లో నాలుగు కోళ్ళు లేని ఇల్లు అరుదు. చీకటి పడితే ఆ కోళ్ళు మంచం కిందికి చేరతాయి, పొద్దున లేచి పసిపిల్లలు వాటితోనే ఆడతారు. ఇంట్లో కోళ్ళుంటే అడవి పిట్టలకు అదే పెరట్లో తిండి, నీళ్ళు పెట్టకండి. ఈ ఒక్క మాటలో బేరానికి రావద్దు. చలికాలంలో చెరువు బాతులకు బ్రెడ్డు వేయడానికి పిల్లల్ని తీసుకెళ్లడం కూడా మానండి.

గుర్తులు కనిపెట్టుకుని ఉండండి. రెండు మూడు రోజుల్లో ఒకే చోట రెండు మూడు కాకులు చచ్చి పడటం. పక్షి మెడ మెలి తిరిగి, గిరగిరా తిరుగుతూ, ఎగరలేక కూలబడటం. తల, కంటి చుట్టూ వాపు. కోళ్ళలో ఒక్కసారిగా చావులు. కోళ్ళకు కొక్కెర తెగులు వచ్చినా ఇలాగే ఉంటుంది, తేడా తేల్చాల్సింది భోపాల్‌లోని ప్రయోగశాల గానీ మనం కాదు. చచ్చిన పక్షిని ఉత్త చేత్తో ముట్టకండి. కుక్కను, పిల్లిని, పిల్లల్ని దూరంగా ఉంచండి. పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. ఆ రోజు నుంచి గింజలు, నీళ్ళు పెట్టడం పూర్తిగా ఆపేయండి. తిండి లేక పిట్టలు చస్తాయని భయం వద్దు, అవి చెదిరి వేరువేరు చోట్ల తింటాయి. చెదిరిపోవడమే అప్పుడు వాటికి రక్ష. కబురు చెబితే కోళ్ళను చంపేస్తారని దాచిపెట్టే ఇళ్ళుంటాయి. పేదవాడి బాధ మాకు తెలుసు. కానీ దాచిన కోడి ఖరీదు ఒక బిడ్డ ప్రాణం కాకూడదు.

ఇంతవరకూ మన ప్రాణాల గురించే మాట్లాడాం. పిట్టల ప్రాణాల మాటేమిటి?

పావురాలకు, గువ్వలకు గొంతులో పుండ్లు లేపే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి ఉంది. జబ్బు పిట్ట తినలేక కక్కిన గింజ, ముక్కు ముంచిన నీళ్ళు తర్వాతి పిట్టకు విషం. వీధి వీధంతా ఒకే గ్లాసు కడక్కుండా తాగితే ఏమవుతుందో గిన్నె దగ్గర అదే అవుతుంది. పెరటి పిట్టలకు తిండి పెట్టడంలో మనకంటే చాలా ముందున్న బ్రిటన్‌లో 2005 నుంచి ఈ జబ్బు గ్రీన్‌ఫించ్ అనే చిన్న పిట్టల్ని ఊడ్చేసింది. అక్కడి పక్షి సంరక్షకుల పెద్ద సంస్థ ఆర్‌ఎస్‌పీబీ చివరికి 2025లో చదునైన పళ్ళేల అమ్మకం ఆపేసింది. పిట్టల మీద ప్రేమ లేకనా? వాటిని పోగేసిన చోటే అవి చస్తున్నాయని తెలిసి.

రెక్కలు ఉబ్బించుకుని, మనం దగ్గరికి వెళ్లినా కదలకుండా కూర్చున్న పిట్ట "మచ్చికైంది" అనుకోకండి. అది జబ్బు పడింది. ముక్కు చుట్టూ తడి, పదే పదే మింగబోయి వదిలేయడం కనిపిస్తే ఆ రోజే గిన్నెలు తీసేసి, కొన్ని వారాలు ఆగండి.

ఏం పెడుతున్నామో కూడా చూసుకోవాలి. నిన్నటి పులిహోర, ఉప్పు కలిసిన అన్నం, మిక్స్చరు, ఊరగాయ ముద్ద, పాలలో తడిపిన బ్రెడ్డు. పిట్ట ఒళ్ళు అంత ఉప్పును తట్టుకోలేదు, పాలు అరిగించుకోలేదు. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లటాక్సిన్ ఉంటుంది, మనం తినలేనిది పిట్టకు వేయడం దానం కాదు. అన్నిటికన్నా ఘోరం, ఊరి నుంచి తెచ్చిన విత్తన ధాన్యం మిగిలితే పిట్టలకు వేయడం. గులాబీ రంగో ఎరుపు రంగో పూసి ఉంటుంది చూడండి, అది మందు పట్టించిన విత్తనమని చెప్పే గుర్తు. గుప్పెడు చాలు, గుంపు గుంపూ రాలడానికి. ఎలుకల మందు కలిపిన గింజలు పెరట్లో ఒక మూల, పిట్టల గింజలు ఇంకో మూల పెట్టే ఇళ్ళు కూడా ఉన్నాయంటే ఏం చెప్పాలి.

పచ్చి బియ్యం తింటే పిట్ట కడుపు పగులుతుందన్నది మాత్రం వట్టి మాట. ఆ భయం వదిలేయండి.

మరి ఎలా పెట్టాలంటారా? గుప్పెడు, అరగంటలో అయిపోయేంత, అంతకు మించవద్దు. రోజూ ఒకే చోట కాకుండా చోటు మార్చండి. గిన్నెలు రెండు ఉంచుకోండి. ఒకటి వాడకంలో ఉంటే రెండోది కొబ్బరి పీచుతో రుద్ది, మరిగే నీళ్ళు పోసి, ఎండలో ఎండుతూ ఉండాలి. ఈ జబ్బుల్లో చాలావాటికి ఎండంటే భయం, మనకు ఎండకు కొరత లేదు. వంటింటి సింకులో కడగవద్దు. కడిగాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేత కడిగించకండి. ఇనుప, స్టీలు గిన్నెలు మే ఎండకు కాలిపోతాయి, మట్టివే మంచివి, నీడలోనే పెట్టండి, పిల్లి పొంచి ఉండలేని ఎత్తులో పెట్టండి. ఊరికి పోతుంటే గిన్నె బోర్లించి పొండి. వానలు మొదలయ్యాక అసలు అవసరమే లేదు, తీసి అటక మీద పెట్టండి. మహాలయ పక్షంలో కాకికి ముద్ద పెట్టే ఆచారం ఉన్నవాళ్ళు చిన్న ముద్ద పెట్టి, కాకి ముట్టాక మిగిలింది తీసేయండి. పెద్దలు తృప్తి పడటానికి అంతే చాలు.

వేసవిలో గూట్లోంచి జారిన పిల్లను చూసి ఇంట్లోకి తెచ్చి పాలు పట్టేవాళ్ళకు ఒక విన్నపం. రెక్కలు వచ్చిన పిల్ల నేల మీద తడబడుతుంటే తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లిని తరిమి, పిల్లను కొమ్మ మీద పెట్టి పక్కకు తప్పుకోండి. గింజకు వచ్చిన రామచిలకను పట్టి పంజరంలో పెట్టడమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అసలు మన ఊరికి గిన్నెల కన్నా గొప్ప వరం ఉంది. సెక్టార్లలో ఇంటింటికీ మామిడి, జామ, మునగ, నేరేడు, వేప. మునగ పూతకు తేనెపిట్టలు వస్తాయి. జామపండు చిలకకు, పికిలిపిట్టకు. పిచ్చుక తన పిల్లల నోట్లో గింజలు పెట్టదు, పురుగులు పెడుతుంది. పెరట్లో పురుగుమందు కొట్టి, గోడ మీద గింజలు పోసి, పిచ్చుకలు రావడం లేదని బాధపడితే ఎలా? క్వార్టరు మన సొంతం కాదు గదా, రిటైరైతే ఖాళీ చేయాలి గదా అని చెట్టు నాటని వాళ్ళను చూస్తుంటాం. ముందు ఉండి వెళ్లినవాళ్ళు అలా అనుకోలేదు కాబట్టే ఈ ఊళ్ళో ఇంత నీడ ఉంది. పెరడు లేని మేడ ఇళ్ళవాళ్ళు, ధాన్యం దొరికే రోజుల్లో ఒక కుచ్చు అల్లించి బాల్కనీకి కట్టుకోండి.

చివరగా సకోరాలు పంచే సంఘాలకు, కాలనీ కమిటీలకు, సెక్టార్–5 బాలాజీ మందిరానికి వచ్చే మన తెలుగు పెద్దలకు ఒక్క మనవి. ఈ ఏడాది గిన్నె ఒక్కటే ఇచ్చి పంపకండి. జతగా రెండోది ఇవ్వండి, ఒక కొబ్బరి పీచు ఇవ్వండి. హిందీలో, తెలుగులో నాలుగు మాటల చీటీ ఒకటి గిన్నెకు అంటించండి: రోజూ రుద్ది కడగండి, సాయంత్రానికి గింజలు ఎత్తేయండి, పక్షి చచ్చిపడితే పెట్టడం ఆపండి, 1962కి చెప్పండి. మీ చేత్తో ఇచ్చిన గిన్నె ఉన్న ఇంటికి జూన్ నెలలో, వానలకు ముందు, మరొక్కసారి వెళ్లి దాన్ని బోర్లించారో లేదో చూసి రండి.